లోయర్ ఆర్మ్ మార్పు: ఒక్క బోల్టుకే మూడు గంటలు

అల్లూరు వైపు రొయ్యల గుంటలకు మేత మూటలు తోలే పికప్ నాది, 2019 మోడల్. సంక్రాంతి ముందు నుంచీ గుంతలో పడితే ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమనేది. షాక్ అబ్జార్బర్ అనుకుని నెట్టుకొచ్చా. తర్వాత బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగసాగింది. టైరు చూస్తే లోపలి అంచొక్కటే నున్నగా అరిగింది.

కావలిలో మేస్త్రీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి ఛాసిస్‌కి కలిపే ఇనుప చెయ్యి) కింద జాకీ పెట్టి చక్రం లేపాడు. టైరు కింద గడ్డపార దూర్చి ఎగదోస్తే ఆర్మ్‌ని చక్రానికి కలిపే గుండు కీలు, అదే బాల్ జాయింట్, కంటికి కనపడేంత ఊగింది. "ఇది ఊడితే చక్రం పక్కకి పడిపోద్ది అబ్బయా" అన్నాడు. ఆర్మ్‌ని ఛాసిస్‌కి పట్టించే బుష్‌ల రబ్బరూ చీలింది. విడివిడిగా మార్చే ఖర్చు లెక్కేస్తే మొత్తం ఆర్మే నయమనిపించి నెల్లూరు నుంచి తెప్పించా. ముందు కూడా కమాను కట్టలుండి ఈ ఆర్మే లేని బళ్లవాళ్లకి ఈ బాధే లేదు.

బాల్ జాయింట్ నట్టు పూర్తిగా తీయకుండా వదులు చేసి, నకిల్ (చక్రం బిగించే ఇనుప దిమ్మ) పక్కన సుత్తితో రెండు దెబ్బలేస్తే ఊడింది. షాక్ బోల్టూ తేలిగ్గానే వచ్చింది. మధ్యాహ్నానికి ఇంటికెళ్లొచ్చు అనుకున్నా. వెనక బుష్ బోల్టు దగ్గర ఆగింది కథ. ఉప్పుగాలికి తుప్పుపట్టి బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది. పానా వేస్తే కాస్త తిరుగుద్ది, వదిలితే రబ్బరు లాగేసి మళ్లీ మొదటికే. నూనె పోశాం, సుత్తితో బాదాం, కదల్లేదు. చివరికి మేస్త్రీ, చక్రం వాలు సరిచేసే క్యామ్ వాషర్ ఉన్నచోట ఉలితో గీత పెట్టుకుని, పాత ఆర్మ్ ఎలాగూ పారేసేదే కాబట్టి గ్రైండర్‌తో కోసేశాడు. బోల్టు ముక్కలు బయటికొచ్చేసరికి మూడు గంటలు. కొత్త బోల్టుకి మళ్లీ కొట్ల చుట్టూ తిరగడం నా వంతు.

కొత్తది ఎక్కించాక ఉత్సాహంగా పానా అందుకున్నా. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. చక్రం గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు బిగిస్తే రబ్బరు అక్కడే పట్టేస్తదట. బండి దిగాక మెలితిరిగి ఎప్పుడూ లాగుతూనే ఉండి చిరిగిపోద్దట. అందుకే చేత్తో పట్టించి వదిలేసి, బండి నేలమీదికి దించాక కిందికి దూరి గట్టిగా బిగించాడు. రెండేళ్ల కిందట వేరేచోట వేయించిన కుడివైపు బుష్‌లు ఏడాది కూడా ఎందుకు నిలవలేదో అప్పుడర్థమైంది. అక్కడ జాకీ దించకముందే అన్నీ బిగించేశారు, నేను పక్కనే నిలబడి టీ తాగా.

మర్నాడు అలైన్‌మెంట్ చేయించా. లాగడం పోయింది. ఇప్పుడు కుడివైపు సన్నగా టక్కుమంటోంది. బహుశా ముందు నుంచే ఉండి, ఎడమ శబ్దంలో కలిసిపోయిందేమో.