చార్టర్ కన్నా ముందు ఇంటి దస్తావేజు

శనివారం

ఇవాళ పొద్దున్నుంచీ ఒప్పందం ముసాయిదాతోనే గడిచింది. ఈ ఊరి కాలేజీలో ఉన్న ఒక లోకల్ ఫ్రాటర్నిటీ, అంటే ఆ ఒక్క కాలేజీకే పరిమితమైన విద్యార్థుల సోదర సంఘం, అమెరికా అంతటా చాప్టర్లు (శాఖలు) ఉన్న ఒక నేషనల్ ఫ్రాటర్నిటీలో కలవాలనుకుంటోంది. కుర్రాళ్ల నోట కొత్త పేరులోని గ్రీకు అక్షరాలు, కొత్త బ్యాడ్జి, చార్టర్ (చాప్టర్‌గా గుర్తించే పత్రం) అందుకునే రోజు విందు తప్ప ఇంకో మాట లేదు. ఆ వయసుకి అది సహజమే. పెద్దవాళ్లు చూడాల్సిన వాక్యం మాత్రం ముసాయిదా చివర్లో, ‘ఇతర నిబంధనలు’ కింద ఉంది: చాప్టర్ మూతపడితే దాని పేరున ఉన్న ఆస్తి యావత్తూ నేషనల్ అధీనంలోకి వెళ్తుంది.

అందులో మోసమేమీ లేదు. చాలా నేషనల్స్ నియమావళిలో ఇలాంటి వాక్యం ఉంటుంది. మూతపడ్డ చాప్టర్ డబ్బుని మిగిలిన నలుగురూ పంచుకుపోకుండా, మళ్లీ తెరిచేదాకా భద్రంగా ఉండాలని పెట్టిన నియమం అది. కొత్తగా పుట్టిన చాప్టర్‌కి దానితో ఇబ్బంది లేదు. సొంత ఇల్లున్న పాత లోకల్‌కి మాత్రం అదే ప్రాణం మీదికి వస్తుంది. ఇల్లరికం వెళ్లే అల్లుడు నాన్న ఇచ్చిన పొలాన్ని ముందే అత్తవారి పేర రాసిచ్చి బయల్దేరడు కదా.

అందుకే మొదటి పని కౌంటీ రికార్డుల ఆఫీసులో ఇంటి దస్తావేజు తీయించడం. చాలా లోకల్స్‌కి ఇల్లు ఎవరి పేరున ఉందో తెలియనే తెలియదు. కొన్నిచోట్ల రిజిస్టర్ కాని సంఘం పేరున ఉంటుంది, కొన్నిచోట్ల ఎప్పుడో పోయిన ముగ్గురు ట్రస్టీల పేరున. దారి ఒకటే: పూర్వ సభ్యులతో విడిగా, లాభాపేక్ష లేని ఒక హౌస్ కార్పొరేషన్‌ని ఆ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి, ఇల్లు దాని పేరుకి మార్చాలి. అప్పు మిగిలుంటే ముందు బ్యాంకుతో మాట్లాడాలి. పేరు మారిన రోజే బాకీ మొత్తం కట్టమనే షరతు చాలా తనఖా పత్రాల్లో ఉంటుంది. ఇంటి ఇన్సూరెన్సు కూడా అదే రోజు కొత్త యజమాని పేరుకి మారాలి. ఒక్క వారం ఖాళీ వచ్చినా ఆ వారంలో జరిగిన ప్రమాదానికి దిక్కు ఉండదు. ఆ తర్వాత హౌస్ కార్పొరేషన్ ఇంటిని చాప్టర్‌కి ఏడాది లీజుకిస్తుంది. కాలేజీ గుర్తింపు పోతే లీజు దానంతటదే ముగుస్తుందని అందులో రాసుకోవాలి.

ఇదంతా నేషనల్‌తో సంతకానికి ముందే పూర్తి కావాలి. సంతకం అయ్యాక ఆస్తి మారిస్తే అది ఒప్పంద ఉల్లంఘనగా కనిపిస్తుంది, వకీళ్ల దాకా వెళ్తుంది. ముందుగా, బాహాటంగా చేస్తే నేషనల్స్ మామూలుగా కాదనవు. వాళ్ల పాత చాప్టర్ల ఇళ్లు చాలావరకూ ఇలాంటి పూర్వ సభ్యుల కార్పొరేషన్ల చేతుల్లోనే ఉన్నాయి. ఊరి జోనింగ్ నియమాలు, అంటే ఏ ప్రాంతంలో ఎలాంటి ఇల్లు ఉండొచ్చో చెప్పేవి, కూడా చూసుకోవాలి. ఫ్రాటర్నిటీ హౌస్ అంటే కాలేజీ గుర్తించిన సంఘం ఉండే ఇల్లు అని కొన్ని ఊళ్ల నియమాల్లో ఉంటుంది. పేరు మారే సమయంలో గుర్తింపు నెల రోజులు ఆగినా, అంతమంది ఒకే ఇంట్లో ఉండే అనుమతికి ముప్పు.

అసలు చేరడం ఎందుకు అని పూర్వ సభ్యులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డార్ట్‌మత్ కాలేజీలో కప్పా కప్పా కప్పా 1842లో పుట్టి ఇప్పటికీ లోకల్‌గానే ఉంది. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై అనే నేషనల్ చాప్టర్ 1948లో ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంది. నేషనల్ సస్పెండ్ చేసినా వెనక్కి తగ్గలేదు, ఫై ఆల్ఫా సై అనే లోకల్‌గా మారి నిలబడింది. ఇలాంటి చరిత్ర ఉన్న లోకల్ సభ్యులకి తమ పేరంటే ఎందుకంత పట్టుదలో నేషనల్ ప్రతినిధులు అర్థం చేసుకోవాలి. మరోవైపు, 1924లో మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 11 లోకల్స్ కలిసి థీటా కప్పా ను అనే నేషనల్‌నే పుట్టించాయి. 1939లో అదే తిరిగి లాంబ్డా కై ఆల్ఫాలో కలిసిపోయింది. ఒంటరిగా ఉండటం కష్టమైన కాలాల్లో చిన్న కాలేజీల్లోని సంఘాలకి ఈ దారి కొత్తేమీ కాదు.

ఇప్పటి కాలంలో ముఖ్య కారణం ఇన్సూరెన్సు. ముప్ఫై, నలభై మంది ఉన్న ఒంటరి సంఘానికి లయబిలిటీ పాలసీ (ఇతరులకి జరిగిన నష్టానికి పరిహారమిచ్చే ఇన్సూరెన్సు) దొరకడమే కష్టం, దొరికితే ప్రీమియం మోయలేనిది. నేషనల్ గొడుగు కింద ఆ ఖర్చు వేలమంది మీద పడుతుంది. ఇక్కడ కుర్రాళ్ల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ట్రెజరర్ వాళ్లమ్మగారు మధ్యాహ్నం ఫోన్ చేసి, “అన్నయ్యగారూ, ఏదైనా జరిగితే నేషనల్ ఇన్సూరెన్సే చూసుకుంటుందటగా?” అన్నారు. అన్నీ చూసుకోదు. ఆ పాలసీ సాధారణంగా నియమాల ప్రకారం నడిచిన చాప్టర్‌నీ, దాని ఆఫీసర్లనీ కాపాడుతుంది. ర్యాగింగ్, చట్టప్రకారం తాగే వయసు రానివాళ్లకి మద్యం పోయడం లాంటివాటికి రక్షణ ఉండదు. అలాంటి దావాల్లో కుర్రాడి పేరు విడిగా వస్తుంది, చివరికి తల్లిదండ్రుల ఇంటి పాలసీ మీదికి వస్తుంది. 2024 డిసెంబరులో స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చాక కాలేజీలు ఇలాంటి ఉల్లంఘనలని సంఘం పేరుతో సహా బయటపెట్టాలి. ఈ మాట ఆవిడకి చెబితే, కాసేపాగి, పాలసీ కాగితాలు తీసి చూస్తానన్నారు. అది మంచి పని.

మన పిల్లల్లో కొందరు దక్షిణాసియా విద్యార్థులు పెట్టుకున్న సంఘాల్లోకి వెళ్తారు. 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై అలాంటిదే. అక్కడైనా కొత్త క్యాంపస్‌లో ఒక బృందం చేరాలంటే కాగితాలు దాదాపు ఇవే.

నేషనల్‌కి పంపే మొదటి కట్టలో ఏముండాలో చెబుతాను. సభ్యుల జాబితా, ఒక్కొక్కరి గ్రేడ్ సగటు, పట్టా తీసుకునే ఏడాది. మూడేళ్ల జమాఖర్చులు. కాలేజీ నుంచి, అక్కడి ఫ్రాటర్నిటీలన్నిటి ఉమ్మడి మండలి ఇంటర్‌ఫ్రాటర్నిటీ కౌన్సిల్ నుంచి ఉత్తరాలు. పూర్వ సభ్యుల చిరునామాలు. క్రమశిక్షణ కేసులుంటే అవి కూడా, దాచకుండా. కాలేజీ దగ్గర ఫైలు ఉంటుంది, వాళ్లు అడిగి తెప్పించుకుంటారు. దాచిన సంగతి బయటపడితే శిక్ష కన్నా దాచడమే పెద్ద సమస్యవుతుంది. పేరు మారినంత మాత్రాన కాలేజీ వేసిన పాత ప్రొబేషన్ (క్రమశిక్షణ పర్యవేక్షణ) మాఫీ కాదు.

తిరిగి నేషనల్‌ని అడగాల్సినవీ ఉన్నాయి. గత ఐదేళ్లలో చార్టర్ ఇచ్చినవాటిలో ఎన్ని ఇంకా నడుస్తున్నాయి? కారులో మూడు గంటల దూరంలో ఎన్ని చాప్టర్లున్నాయి? ఇంట్లో మద్యం మీద నియమమేంటి? నేషనల్స్ సమాఖ్య అయిన నార్త్ అమెరికన్ ఇంటర్‌ఫ్రాటర్నిటీ కాన్ఫరెన్స్ సభ్య సంఘాలు 15 శాతం మించిన ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని చాప్టర్ ఇళ్లలో నిషేధించే నియమాన్ని 2019 సెప్టెంబరు నాటికి అమలు చెయ్యాలని 2018లో తీర్మానించాయి. ఫై డెల్టా థీటా అయితే 2000 నుంచే ఇళ్లలో మద్యమే వద్దంది. వారాంతాల్లో బీరు మామూలైపోయిన లోకల్ ఈ నియమం చదవకుండా సంతకం చేస్తే మొదటి సెమిస్టర్లోనే నోటీసు అందుకుంటుంది.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది సభ్యుల సమీక్ష గురించి. కొన్ని నేషనల్స్ చేర్చుకునే ముందు ఒక్కో కుర్రాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడి, కొందరిని తప్పిస్తాయి. ఎవరు చేస్తారు, ఏ ప్రమాణం మీద, అప్పీలు ఉందా లేదా, ఈ మూడూ రాతపూర్వకంగా రావాలి. స్నేహితుణ్ణి వదిలేసి చేరారన్న గాయం ఒక సంఘంలో చాలా ఏళ్లు మానదు. వేరే కాలేజీ నుంచి బదిలీ అయి వచ్చినవాళ్ల సంగతి కూడా ముందే చూడాలి. అక్కడ ఇంకో నేషనల్‌లో దీక్ష (పూర్తి సభ్యుడిగా చేర్చుకునే రహస్య కర్మ) తీసుకుని ఉంటే ఇక్కడ మళ్లీ తీసుకోవడం కుదరదు. లోకల్‌లో అతను ఇన్నాళ్లూ పూర్తి సభ్యుడే, అందుకే ఎవరికీ తట్టదు. అమ్మాయిలు కూడా సభ్యులుగా ఉన్న లోకల్ అయితే, మగవాళ్లకే పరిమితమైన నేషనల్‌లో చేరే ఆలోచన మొదట్లోనే మానుకోవడం మర్యాద.

డబ్బు సంగతికొస్తే, ట్రెజరర్ సాయంత్రం లెక్క పంపాడు. “అంకుల్, ఇది కరెక్టేనా?” అని అడిగాడు. కూడిక కరెక్టే, తలలు తప్పు. నేషనల్ డ్యూసూ (సభ్యత్వ చందా) ఇన్సూరెన్సూ కలిపి తలకి 350 డాలర్లు అనుకుంటే 40 మందికి 14,000. ఆ బిల్లు ఒక నిర్ణీత తేదీన రోస్టర్లో (సభ్యుల పట్టికలో) ఉన్న పేర్లని బట్టి వస్తుంది. పట్టా తీసుకుని వెళ్లిపోయిన ఆరుగురి పేర్లు తీసెయ్యకపోతే 2,100 డాలర్లు ఊరికే కట్టాలి. చాప్టర్లు నేషనల్‌కి బాకీ పడటానికి ఈ అజాగ్రత్త కూడా ఒక కారణం. రోస్టర్ మార్పు ట్రెజరర్ పని కాదు సెక్రటరీ పని అనుకోవడం, సెక్రటరీ అదే మాట తిప్పి అనడం ప్రతిచోటా ఉంది. ఇది ఎవరి పనో బైలాస్‌లో (సంఘం నియమావళిలో) రాసెయ్యాలి.

పన్నుల విషయంలో లోకల్స్ చాలా వెనకబడి ఉంటాయి. సభ్యుల కోసం నడిచే సంఘంగా వీటికి అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(7) కింద ఆదాయపు పన్ను మినహాయింపు. ఏటా స్థూల వసూళ్లు మామూలుగా 50,000 డాలర్లు దాటకపోతే 990-ఎన్ అనే చిన్న ఫారం ఆన్‌లైన్‌లో పెడితే చాలు. జూన్ 30తో లెక్కలు ముగించే సంఘానికి గడువు నవంబరు 15. వరసగా మూడేళ్లు పెట్టకపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. ఆఫీసర్లు ఏటా మారే చోట మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. కాబట్టి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్లో సంఘం పన్ను నంబరు కొట్టి స్థితి చూసుకోవాలి. రద్దయి ఉంటే ముందే చెప్పాలి. నేషనల్ తన చాప్టర్లకి కలిపి తీసుకున్న సామూహిక మినహాయింపులో చేరడానికి చాప్టర్ రాతపూర్వకంగా అంగీకారం ఇవ్వాలి, అప్పుడే పాత చిక్కు బయటపడితే చార్టర్ తేదీ జరుగుతుంది. వేసవిలో గదులు బయటివాళ్లకి అద్దెకిచ్చే అలవాటుంటే ఇంకో లెక్క: సభ్యులు కానివాళ్ల నుంచి, పెట్టుబడుల నుంచి వచ్చేది మొత్తం వసూళ్లలో 35 శాతం మించకూడదు, అందులో బయటివాళ్లు ఇంటిని వాడుకున్నందుకు వచ్చేది 15 శాతం లోపు ఉండాలి.

ఓటు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బైలాస్ ఎంత మెజారిటీ అడిగినా నాలుగింట మూడొంతులు పైబడి రాకపోతే ఆగడమే మేలు. రహస్య బ్యాలెట్, రెండు వారాల నోటీసు, విదేశాల్లో చదువుతున్నవాళ్లకి ఓటు హక్కు.

పూర్వ సభ్యుల విషయంలో అంత తేలిగ్గా ముందుకి పోకూడదు. ఈ లోకల్ దగ్గర ఒక పాత రిజిస్టరుంది. గోధుమరంగు తోలు అట్ట, వెన్ను పగిలి గుడ్డ పట్టీతో అతికించి ఉంది. మొదటి పేజీలో ఏడు సంతకాలు, వాటి పక్కన ఊళ్ల పేర్లు. మధ్యలో యుద్ధకాలపు పేజీల్లో కొన్ని పేర్లకి ఎదురుగా సన్నటి శిలువ గుర్తులు. సిరా అక్కడక్కడా తుప్పు రంగుకి తిరిగింది. ఇది నేషనల్‌కి పంపాల్సిన వస్తువు కాదు. ప్రతి పేజీ 600 డీపీఐలో స్కాన్ చేయించి, అసలుని ఆమ్లం లేని పెట్టెలో కాలేజీ ఆర్కైవ్స్‌కి ఇవ్వాలి. దీక్షా విధానం రాసిన భాగం ఎన్నేళ్లు తెరవకూడదో ఒప్పందంలో రాయించుకోవాలి. మెట్ల గోడ మీదున్న పాత బ్యాచ్‌ల ఫొటోలు ఎక్కడివక్కడే ఉండొచ్చు, వాటిమీద హక్కు ఆ ఇంటిదే.

కొత్త చాప్టర్ రోల్‌లో, అంటే సభ్యులకి వరస నంబర్లిచ్చే పట్టికలో, ఒకటో నంబరు ఎవరిది అన్న దగ్గర గొడవలు మొదలవుతాయి. ఇప్పటి ప్రెసిడెంట్‌దా, బతికున్న అతి పెద్ద పూర్వ సభ్యుడిదా? నా అభిప్రాయం సూటిగా రాస్తున్నాను: వచ్చే పెద్దలందరికీ లోకల్‌లో చేరిన వరసలో ముందు నంబర్లివ్వాలి, కుర్రాళ్లు ఆ తర్వాత. కుర్రాళ్లకి పోయేదేమీ లేదు, పెద్దవాళ్లకి అది జీవితకాలపు గౌరవం. దీక్ష తీసుకోనన్నవాళ్లని బలవంతపెట్టకూడదు. పూర్వ సభ్యుల సంఘానికి లోకల్ పాత పేరే ఉంచితే వాళ్లకీ చోటుంటుంది, స్కాలర్‌షిప్ విరాళాలూ ఆగవు. ఆ విరాళాలకి పన్ను రాయితీ కావాలంటే డబ్బు పన్ను చట్టంలో దాతృత్వ సంస్థలకిచ్చే 501(సి)(3) హోదా ఉన్న ఫౌండేషన్‌కి వెళ్లాలి, చాప్టర్ ఖాతాలో పడితే రాయితీ రాదు.

చార్టర్ వారాంతానికి దగ్గరి చాప్టర్ నుంచి దీక్షా బృందం వస్తుంది. శుక్రవారం రాత్రి, శనివారం పగలు చిన్న చిన్న జట్లుగా దీక్షలు, సాయంత్రం ఆఫీసర్ల ప్రమాణం, ఆదివారం విందులో చార్టర్. చాలామంది పెద్దలు వస్తారు కాబట్టి మెట్లు తక్కువున్న హాలు, కుర్చీలు, మందులేసుకునే వేళకి భోజనం ముందే చూసుకోవాలి. డిసెంబరులో పట్టా తీసుకునేవాళ్లుంటే తేదీ దానికి ముందే పెట్టించాలి. తర్వాతైతే వాళ్లు పూర్వ విద్యార్థుల కోటాలో, వేరే ఫీజుతో, వేరే అనుమతితో చేరాల్సివస్తుంది.

కాలేజీలో పేరు మార్పు ఫారం చార్టర్ అయిన మర్నాడే ఇవ్వాలి, ముందు కాదు. కొత్త పేరుతో బ్యాంకు ఖాతా తెరిచినా పాత ఖాతాని ఒక సెమిస్టరు పాటు మూయకూడదు. పూర్వ సభ్యుల నెలవారీ విరాళాలు, కరెంటు బిల్లు ఆటోపే, ఎవరి దగ్గరో మిగిలిన చెక్కులు ఇంకా దాని మీదికే వస్తుంటాయి.