కిడ్నీ వర్క్‌షాప్‌లో నా కార్డు ఎక్కడ పడిందంటే

నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను, సొంతూరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. డయాలసిస్ మొదలై నాలుగేళ్ళు దాటింది, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు మెషిన్ మీద. నా జబ్బు కథంతా ఇక్కడ చెప్పను, మొదలుపెడితే తెల్లారిపోతుంది. మా యూనిట్ గోడకి అంటించిన ఒక కాగితం చూసి ఊసుపోక ఫారం నింపాను, అది చివరికి నన్ను తీసుకెళ్ళి డాక్టర్ల పక్కన కూర్చోబెట్టింది. కిడ్నీ జబ్బు మీద ఏ పరిశోధన ముందు జరగాలి, డబ్బు ముందు దేనికి పెట్టాలి అని తేల్చే వర్క్‌షాప్ అది. అలాంటి పిలుపు మీకో మీవాళ్ళకో వస్తే భయపడి మానేయకుండా ఉంటారని రాస్తున్నాను.

దీనికి జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతి అని పేరు. 2004లో ఇక్కడ బ్రిటన్‌లోనే మొదలైంది. పరిశోధన చేసేవాళ్ళు అడిగే ప్రశ్నలు వేరు, జబ్బు పడ్డవాళ్ళ ప్రశ్నలు వేరు అన్న గుర్తింపులోంచి పుట్టింది. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మోకాళ్ళ అరుగుదల మీద ఒక పేపర్ వచ్చింది. అప్పటిదాకా జరిగిన ట్రయల్స్, అంటే ఏ వైద్యం పనిచేస్తుందో రోగుల మీద చూసే పరీక్షలు, చాలావరకు మందుల మీదే, రోగులని అడిగితే మాత్రం ఆపరేషన్ సంగతి చెప్పండి, ఈ మోకాలితో ఎలా నెట్టుకురావాలో చెప్పండి అన్నారట. అందుకని రోగులు, వాళ్ళని చూసుకునే ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు, నర్సులు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పది ప్రశ్నలు తేల్చాలి. మందుల కంపెనీలకి అక్కడ ఓటు లేదు. 2007లో ఆస్తమాతో మొదటి జాబితా వచ్చింది, ఇప్పటికి వందకి పైగా జబ్బులకి చేశారు.

ఈ జేమ్స్ లిండ్ ఎవరా అని చూస్తే 1747లో ఒక ఓడలో డాక్టరు. స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, వచ్చిన 12 మంది నావికులని ఇద్దరిద్దరు చొప్పున విడదీసి ఆరు రకాల వైద్యం చేశాడు, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ ముందు లేచి తిరిగారు. మాలాంటివాళ్ళకి నారింజ అంటే పొటాషియం, కిడ్నీలు పోయినవాళ్ళ ఒంట్లో అది పేరుకుంటే ప్రమాదం, మా డైటీషియన్ ఆ పేరు వింటేనే కళ్ళద్దాలు సర్దుకుంటుంది. సరే, అది ఆయన తప్పు కాదు.

మొదటి మెట్టు సర్వే. మీకు జవాబు దొరకని ప్రశ్నలు ఏమిటి అని అడిగారు. నేను రెండు రాశాను. ఒకటి, మెషిన్ దిగాక ఆ రోజంతా ఒళ్ళు పిండేసినట్టు ఉంటుందే, దాన్ని ఎవరైనా తగ్గించగలరా? రెండోది మా ఊరిది. షుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటల్లో ఎండలో పనిచేసుకునేవాళ్ళకి కిడ్నీలు ఎందుకు పోతున్నాయి? మా చిన్నాన్న అలాగే డయాలసిస్‌కి వచ్చాడు, మా వీధిలో ఇంకా ఉన్నారు. ఎండదెబ్బా, ఒంట్లో నీరు తగ్గడమా, నీళ్ళలో ఏమైనా ఉందా, పురుగుమందులా, ఒక్కటీ గట్టిగా తేలలేదు.

కొన్ని నెలలకి మెయిల్ వచ్చింది. వచ్చిన ప్రశ్నలన్నీ కలిపి, ఒకేలాంటివి గుదిగుచ్చి, ఇప్పటికే జవాబు ఉన్నవి తీసేసి, మిగిలినవాటి మీద ఇంకో సర్వేలో ఓట్లు వేయించి ఇరవై మూడుకి దించారట. నా మొదటి ప్రశ్న ఇంకెంతోమంది ప్రశ్నలతో కలిసిపోయి నా మాట ఒక్కటి కూడా మిగలని ఇంగ్లీషు వాక్యమైంది. ఉద్దానం ప్రశ్న పరిధి దాటిందని పక్కన పెట్టారు. వీళ్ళు తేల్చుకున్నది ఇక్కడి డయాలసిస్ రోగుల వైద్యం గురించి, జబ్బు ఎందుకొస్తుందో దాని గురించి కాదు. న్యాయంగా చూస్తే వాళ్ళది తప్పు కాదు, అయినా ఆ సాయంత్రం మా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

వర్క్‌షాప్ బుధవారం, లండన్‌లో. బుధవారం నా మెషిన్ రోజు. ఇది ముందే చూసుకోండి, డయాలసిస్ వాళ్ళ కోసం పెట్టిన వర్క్‌షాప్‌కి డయాలసిస్ రోజు తారీఖు ఇచ్చినవాళ్ళకి మీ షిఫ్టు సంగతి గుర్తుంటుందని అనుకోవద్దు. సిస్టర్‌ని బతిమాలి మంగళవారం సాయంత్రానికి మార్పించుకున్నాను. రాత్రి పదింటికి ఇల్లు చేరి, పొద్దున్నే రైలెక్కాను. చార్జీలు వాళ్ళే ఇచ్చారు, రోజుకి కొంత డబ్బు కూడా. ముందుగా ఒక ఫారం పంపారు, ఏ కంపెనీతోనైనా సంబంధాలుంటే రాయాలి. ఇంకో కాగితంలో ఇరవై మూడు ప్రశ్నలు, వాటిలో మనకి అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు, అన్నిటికన్నా అడుగున ఉండాల్సినవి మూడు గుర్తుపెట్టుకుని రమ్మన్నారు. నా పై మూడింట్లో మొదటిది నీరసం. అడుగు మూడింట్లో దురద పెట్టాను, డయాలసిస్ వాళ్ళలో చాలామందికి ఉండేదే. నాకు దురద లేదు మరి.

హాల్లో ఇరవై అయిదు మంది దాకా ఉన్నాం, మూడు బల్లలు. మా బల్ల దగ్గర నలుగురు రోగులు, భర్తని చూసుకుంటున్న ఒకావిడ, ఇద్దరు కిడ్నీ డాక్టర్లు, ఒక డయాలసిస్ నర్సు. నడిపించేవాడు ఒకతను, అతనికి ఓటు లేదు, జబ్బు గురించి అభిప్రాయం కూడా ఉండకూడదట. రోగులనే ముందు మాట్లాడించాడు. ఆ ఒక్క పనితో సగం టెన్షన్ పోయింది. డాక్టర్లు ముందు మొదలుపెట్టి ఉంటే నేను కచ్చితంగా తలూపి కూర్చునేవాణ్ణి, నలభై ఏళ్ళ అలవాటు అది.

తర్వాత కార్డులు పరిచారు. ఒక్కో ప్రశ్న ఒక్కో కార్డు మీద, మూలన ఒక ఇంగ్లీషు అక్షరం. బల్ల ఈ చివర పైవి, ఆ చివర కిందవి. నీరసం కార్డు మీద కె అని ఉంది. పెద్ద డాక్టరుగారు గుండె జబ్బు కార్డుని పైకి జరిపి, దాని కిందకి కె ని తోశారు. చనిపోవడం కన్నా నీరసం పెద్దదా అని మెల్లగానే అడిగారు. నాకు గబుక్కున జవాబు రాలేదు. పక్కనున్న పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, అన్నాడు కదా, నాకు వారానికి ఏడు రోజులు ఉన్నాయని మీరు అనుకుంటున్నారు, నాకున్నవి నాలుగు, మిగతా మూడూ సోఫాలో పోతున్నాయి అని. డాక్టరుగారు ఏమీ అనలేదు. కాసేపయ్యాక కె ని ఆయనే రెండు వేళ్ళతో పైకి జరిపారు.

తర్వాత తెలిసింది, ఇది మా బల్ల దగ్గర కొత్తగా పుట్టిన గొడవ కాదని. డయాలసిస్ ట్రయల్స్ అన్నిట్లో తప్పకుండా కొలవాల్సినవి ఏవి అని ఎన్నో దేశాల్లో వెయ్యిమందికి పైగా రోగులని, ఇంట్లోవాళ్ళని, డాక్టర్లని అడిగి చేసిన పని ఒకటుంది, సాంగ్ అంటారు. వాళ్ళు తేల్చిన నాలుగింటిలో మరణం, గుండె జబ్బు, మెషిన్‌లోకి రక్తం తీసే దారి అంటే ఫిస్టులా లాంటివి, వీటితో పాటు నీరసం ఉంది. దాన్ని కొలవడానికి మూడంటే మూడే ప్రశ్నల చిన్న కొలత కూడా తయారుచేశారు. అంతకుముందు చాలా ట్రయల్స్ రక్తంలో ఫాస్ఫరస్ ఎంత తగ్గింది, క్యాల్షియం ఎంత ఉంది అని చూసేవి. మనిషి ఇంటికెళ్ళి ఎంతసేపు పడుకున్నాడో ఎవరికి కావాలి!

దురద సంగతికొస్తే, నేను అడుగున పెడదామంటే భర్తని చూసుకునే ఆవిడ ఫోన్ తీసి ఫొటో చూపించింది. ఆయన వీపు, దువ్వెనతో గీరుకున్న చారలు, దుప్పటి మీద రక్తపు చుక్కలు. రెండేళ్ళుగా మేమిద్దరం ఒకే రాత్రి నిద్రపోలేదు అంది. అంటే వంతులు. కార్డు చేత్తో పట్టుకుని నేనే మధ్యలోకి తెచ్చి పెట్టాను. ఆ రోజు నేను మార్చుకున్న అభిప్రాయం అదొక్కటే, అది కూడా నాకు లేని జబ్బు గురించి.

భోజనం గురించి చెప్పకపోతే కడుపు రగులుతుంది. టమాటా సూపు, బంగాళాదుంప చిప్స్, అరటిపళ్ళు, నారింజ రసం. అన్నీ పొటాషియమే, అదీ కిడ్నీ రోగులకి! రోగులందరం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం, ఆ నర్సు పరుగెత్తి పక్క కొట్లోంచి చికెన్ శాండ్‌విచ్‌లు పట్టుకొచ్చింది. మీరు వెళ్తే డబ్బాలో పెరుగన్నం పెట్టుకుపొండి, అది కూడా కొద్దిగానే.

మధ్యాహ్నం మూడు బల్లల వరుసలూ కలిపి లెక్కేసి, మమ్మల్ని కలగాపులగం చేసి మళ్ళీ కూర్చోబెట్టారు. పొద్దున్న నేను గెలిపించుకున్నాను అనుకున్న కె తొమ్మిదో చోటున కనిపించింది, ఎందుకంటే మిగతా బల్లల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ మొదటినుంచి. ఈసారి నా బల్లలో బస్సు డ్రైవరు లేడు, నేనే చెప్పాలి. మంగళవారం రాత్రి మెషిన్ దిగి, ఇంటి మెట్లు తొమ్మిది, నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయాను, మా పాప వచ్చి నీళ్ళు తాగుతావా నాన్నా అంది, ఈ రోజు తాగాల్సిన నీళ్ళ కోటా అయిపోయిందమ్మా అన్నాను. అంతే చెప్పాను. నాలుగింటికి ఆఖరి జాబితాలో కె మూడోది, దురద ఆరోది. ఇంట్లోనే డయాలసిస్ మంచిదా, ఆసుపత్రిలోనా అన్న ప్రశ్న, నా పై మూడింట్లో ఉన్నదే, పదకొండోది అయి బయట పడింది. నేను కూడా చేయెత్తి ఒప్పుకున్నాను, పదే ఖాళీలు ఉన్నాయి.

ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి, జాబితా వచ్చింది కదా అని రేపటికి ట్రయల్ మొదలవదు. దాన్ని పట్టుకుని పరిశోధకులు నిధులకి అర్జీ పెట్టాలి, అది ఒప్పుకోవాలి, ఏళ్ళు పడుతుంది. నా కోసం అనుకుని వెళ్తే నిరాశే.

ఇంటికొచ్చాక ఆదివారం చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఆయన సోంపేటలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు, దిగాక ఆటోలో వెనక సీటు మీద పడుకుని వస్తాడు.

"ఏటయిందిరా మన ప్రశ్న?" అన్నాడు.

"లిస్టులో పెట్టలేదు చిన్నాన్నా. అది వాళ్ళ దేశం సంగతి కాదన్నారు."

"మనకీ పలాసలో పెద్దాసుపత్రి కట్టారు, రీసెర్చి అన్నారు. వాళ్ళు మమ్మల్ని ఎప్పుడైనా ఇలా కూర్చోబెట్టి అడుగుతారంటావా?"

నాకేం తెలుసు. పది ప్రశ్నలూ తెలుగులో ఒక్కొక్కటే చదివి వినిపించాను. మధ్యలో ఊ కొట్టాడు, నీరసం దగ్గర రెండుసార్లు కొట్టాడు. అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్లో గోక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ దురద ఆరోది అన్నావు కదా," అన్నాడు, "ఇంకొంచెం ముందుకి జరపలేకపోయావా?"