ఓటు లేని వరుస

మసాచుసెట్స్‌లో చిన్న ఊళ్ళ పాలన టౌన్ మీటింగ్‌తో నడుస్తుంది. ఓటున్న ఊరివాళ్ళు ఎవరైనా రావచ్చు. స్కూల్ ఆడిటోరియంలో కూర్చుని, బడ్జెట్ నుంచి ఫైరింజన్ కొనడం దాకా ఒక్కో అంశాన్నీ చర్చించి, చేతిలోని రంగు కార్డు పైకెత్తి ఓటేస్తారు. ఓటు లేనివాళ్ళు కూడా వచ్చి వినొచ్చు, కాకపోతే వాళ్ళు కూర్చునే చోటు వేరు. ఓ మే నెల సాయంత్రం నేను ఆ వరుసలో గోడపక్క కుర్చీలో కూర్చున్నాను. ఒక పొలం ఉంటుందో పోతుందో ఆ రాత్రి తేలాలి.

నేను పనిచేసేది ఒక ల్యాండ్ ట్రస్ట్‌లో. నషువా నది పరీవాహక ప్రాంతంలో కొన్ని ఊళ్ళు మా పరిధి. లాభాపేక్ష లేని చిన్న సంస్థ. జీతం తీసుకునేవాళ్ళం ఐదుగురం, మిగతా అంతా వాలంటీర్లు. తెలుగువాళ్ళెవరైనా కలిసి "మీరెక్కడ చేస్తున్నారండీ?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. మొక్కలు నాటతారా అంటారు. నాటడం తక్కువ. మా పనిలో ఎక్కువ భాగం కాగితాలూ, కాలినడకా.

భూమి యజమానికి తన భూమి మీద చాలా హక్కులుంటాయి. సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు. ఇందులో ఇళ్ళు కట్టే హక్కు ఒక్కదాన్ని విడదీసి మాలాంటి సంస్థకు అమ్మవచ్చు, లేదా ఉచితంగా ఇవ్వవచ్చు. తీసుకున్న హక్కును మేం వాడం, ఇంకెవరినీ వాడనివ్వం. భూమి మాత్రం యజమానిదే. పంట వేసుకుంటాడు, పిల్లలకు ఇచ్చుకుంటాడు, అమ్ముకుంటాడు. కొన్నవాడికీ అదే షరతు వర్తిస్తుంది. చాలా రాష్ట్రాల్లో దీన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు, ఇక్కడ కన్జర్వేషన్ రిస్ట్రిక్షన్ అంటారు. ఊరి సెలెక్ట్ బోర్డు (ఊరు ఎన్నుకున్న పాలకవర్గం), రాష్ట్ర పర్యావరణ కార్యదర్శి ఇద్దరూ ఒప్పుకుంటేనే అది రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో నమోదవుతుంది. దానంగా ఇచ్చినవాళ్ళకు ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఒక ఏడాది ఆదాయంలో 50 శాతం దాకా చూపించుకోవచ్చు, మిగిలింది ఇంకో 15 ఏళ్ళ దాకా పంచుకోవచ్చు. 2015లో ఈ నిబంధనను శాశ్వతం చేశారు.

చేరిన మొదటివారంలో మా డైరెక్టర్ ఒక పాత డాక్యుమెంట్ చేతికిచ్చి చదవమంది. మొదటి పేజీలోనే "శాశ్వతంగా" అన్న మాట నాలుగుసార్లు ఉంది. అప్పటికి నా వర్క్ పర్మిట్ కార్డుకు పద్నాలుగు నెలల గడువుంది. మా ఆయన ఉద్యోగ వీసా హెచ్-1బీని మూడేళ్ళకోసారి పొడిగిస్తారు, భార్యగా నాకొచ్చిన హెచ్-4 వీసా దాని మీద, నా కార్డు మళ్ళీ దాని మీద ఆధారపడి ఉంటాయి. ఇంట్లో సోఫా కొనాలన్నా తేదీలు లెక్క చూసుకునేవాళ్ళం. అలాంటిది, ఎప్పటికీ గడువు తీరని కాగితానికి కాపలా ఉండే ఉద్యోగం దొరికింది. ఈ పనంటే నాకు అంత ఇష్టం ఎందుకో ఆరోజు నాకే తెలియదు. ఇప్పుడు కొంత తెలుసు.

ఈ ఆలోచన పుట్టింది కూడా ఈ రాష్ట్రంలోనే. గ్రంథాలయాలు పుస్తకాలను, మ్యూజియంలు చిత్రాలను అందరికోసం భద్రపరిచినట్టే అందమైన నేలను భద్రపరిచే సంస్థ ఒకటి ఉండాలని చార్లెస్ ఎలియట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ వాదించాడు. దాంతో 1891లో ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్ ఏర్పడింది. ఇవాళ అమెరికాలో ఇలాంటి ట్రస్టులు వెయ్యికి పైనే ఉన్నాయి.

మా నది కథ ఇంకా దగ్గరిది. ఫిచ్‌బర్గ్ కాగితం మిల్లులు ఏ రోజు ఏ రంగు కాగితం చేస్తే ఆ రోజు నది ఆ రంగులో పారేదట. 1962లో గ్రోటన్‌కు కాపురం వచ్చిన మేరియన్ స్టాడర్ట్ అనే గృహిణి దాన్ని చూసి ఊరుకోలేదు. ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టింది, సీసాలో మురికినీళ్ళు పట్టుకెళ్ళి గవర్నరుకు ఇచ్చింది. 1969లో నషువా రివర్ వాటర్‌షెడ్ అసోసియేషన్ పుట్టింది. నీటిని శుద్ధి చేస్తే చాలదు, నది గట్లు కూడా మిగలాలన్నది ఆమె పట్టుదల. గట్టున చెట్లుంటేనే వాననీటితో వచ్చే మట్టీ ఎరువులూ నదిదాకా రాకుండా ఆగుతాయి. 2019లో ఈ నదిలో ఒక భాగానికి వైల్డ్ అండ్ సీనిక్ రివర్‌గా ఫెడరల్ రక్షణ దొరికింది. ఒక్క మనిషి జీవితకాలంలో ఇంత మార్పు వచ్చిందంటే, ఆ ఒడ్డున నడిచే ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక నడక. రిస్ట్రిక్షన్ ఉన్న ప్రతి భూమినీ ఏడాదికోసారి మేం స్వయంగా వెళ్ళి చూడాలి. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకుని, డిసెంబర్ అయితే వేటగాళ్ళకు కనబడేలా నారింజరంగు జాకెట్ వేసుకుని బయల్దేరతాం. ఇక్కడి జింక పిడుదులు నువ్వుగింజంత ఉంటాయి, లైమ్ జబ్బు తెస్తాయి. ఇంటికి రాగానే ముందు బట్టలు డ్రైయర్‌లో వేయాలి. అడవి మధ్యలో పాత రాతిగోడలు కనబడతాయి. ఒకప్పుడు అవన్నీ గొర్రెలు మేసిన పచ్చికబయళ్ళు, రైతులు పొలంలో ఏరిన రాళ్ళతో కట్టుకున్న హద్దులు. ఆ గోడల వెంట, చెట్లకు కొట్టిన పచ్చరంగు గుర్తుల వెంట నడుస్తూ ఫొటోలు తీస్తాం. ఎవరో తమ పెరటి గడ్డిచెత్త హద్దు ఇవతల పోస్తారు. ఇంకెవరో పిల్లల ఉయ్యాల ఆరడుగులు లోపల పాతుతారు. కొట్లాటలు అక్కర్లేదు, చాలాసార్లు మంచిగా చెబితే తీసేస్తారు. చూడకుండా పదేళ్ళు వదిలేస్తే మాత్రం ఆ ఆరడుగులు అరవై అవుతాయి.

ఆ పొలం విషయానికొస్తే, దాదాపు నలభై ఎకరాలు. గడ్డికోసే మళ్ళు, వెనక అడవి, మధ్యలో వాగు. భర్త పోయాక పెద్దావిడ ఒక్కతే ఉంటోంది. వయసు మీదపడింది, చూసుకునే మనుషులకు డబ్బు కావాలి. ఒక బిల్డర్ మంచి ధర చెప్పాడు. ఆవిడను ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ భూమి చాప్టర్ 61ఏ అనే చట్టం కింద ఉంది. సాగులో ఉన్నన్నాళ్ళూ ఆస్తిపన్ను తక్కువ పడుతుంది. బదులుగా, ఇళ్ళకోసం అమ్మాలనుకుంటే ముందు ఊరికి నోటీసు ఇవ్వాలి. అదే ధరకు కొనే మొదటి హక్కు ఊరిది. గడువు 120 రోజులు.

నోటీసు జనవరి మధ్యలో వచ్చింది. ఆ రోజునుంచి ఆఫీసులో టెన్షన్. విలువ కట్టించాలి, దాతలను అడగాలి, ఊరు కమ్యూనిటీ ప్రిజర్వేషన్ ఫండ్ నుంచి ఎంత ఇవ్వగలదో చూడాలి. 2000లో వచ్చిన చట్టం కింద పెట్టిన నిధి ఇది. ఒప్పుకున్న ఊళ్ళలో ఆస్తిపన్ను మీద 3 శాతం దాకా అదనంగా వసూలుచేసి, పచ్చని నేలకూ పాత కట్టడాలకూ అందుబాటు ఇళ్ళకూ వాడతారు. ఆ డబ్బుతో ఊరు భూమి కొంటే, దాని మీద రిస్ట్రిక్షన్ వేరే సంస్థ చేతిలో ఉండాలి. ఆ సంస్థ మేం.

నా వాటా పని మ్యాపులు. ఊరి తాగునీటి బావికి ఏ నేలలోంచి నీరు ఇంకి చేరుతుందో ఆ ప్రాంతాన్ని ఇక్కడ జోన్ 2 అంటారు. దాన్నీ పొలం హద్దుల్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, పొలంలో సగానికి పైగా జోన్ 2లోనే ఉంది. నీలం మీద లేత ఆకుపచ్చ వేశాను. చూసినవాళ్ళకు వివరణ అక్కర్లేదు.

మార్చి మూడోవారంలో నా కార్డు గడువు తీరింది. రెన్యువల్‌కు ఎప్పుడో పెట్టాం, రాలేదు. జీతం లేకుండా వచ్చి చేస్తానంటే అదీ కుదరదు, చేసేది అదే ఉద్యోగం కాబట్టి. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికొచ్చాను. సోమవారం పొద్దున మా ఆయన ఆఫీసుకు, బాబు స్కూలుకు వెళ్ళాక వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఉద్యోగం పోయిందని కాదు. 120 రోజుల్లో సగం దాటాయి, నేను లెక్కలోంచి తప్పుకున్నాను.

ఆ వారంలోనే రాత్రి మొదటి వెచ్చని వాన పడింది. పక్కింటావిడ తలుపు కొట్టి "సాలమాండర్లు బయల్దేరాయి, వస్తావా?" అంది. సాలమాండర్లంటే బల్లిలా కనబడే ఉభయచరాలు. వాటిని రోడ్డు దాటించడం ఇరుగుపొరుగు ప్రతి ఏడూ చేసే పని. తలలకు లైట్లు కట్టుకుని, ఆ పొలం ముందున్న రోడ్డు మీద నిలబడ్డాం. రోడ్డుకు ఒకపక్క అడవి. రెండో పక్క వర్నల్ పూల్, అంటే మంచు కరిగి వసంతంలో నిండి వేసవికల్లా ఎండిపోయే గుంట. ఎండిపోతుంది కాబట్టి చేపలుండవు, చేపలుండవు కాబట్టి గుడ్లు బతుకుతాయి. నల్లటి ఒళ్ళు, దాని మీద పసుపు చుక్కలు, జానెడు పొడవు. తాము పుట్టిన గుంటనే వెతుక్కుంటూ తడిరోడ్డు మీద ఒక్కో కాలూ ఆచితూచి వేస్తూ వస్తాయి. కొన్ని ఇరవై ఏళ్ళు బతుకుతాయి. నా అరచేతిలో కూర్చున్నది ఈ దేశంలో నాకన్నా ముందునుంచీ ఉండి ఉంటుంది. చల్లగా, మెత్తగా, ఏమాత్రం బరువు లేకుండా ఉంది. అవతలి గట్టున వదిలితే నీళ్ళలోకి జారుకుంది. గుంటకు చట్టం కొంత రక్షణ ఇస్తుంది. అవి మిగతా ఏడాదంతా బతికే అడవికి పెద్దగా ఇవ్వదు. మధ్యలో ఇళ్ళొస్తే గుంట మిగిలినా వచ్చేవి ఉండవు. ఆ రాత్రి పదకొండున్నర దాకా వానలో ఉన్నాను. రోడ్డు దాటించడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

మే నెల మీటింగ్‌లో పొలం విషయం తొమ్మిది దాటాక వచ్చింది. ఒకాయన లేచి, పన్నులు ఇప్పటికే ఎక్కువ, ఈ ఊళ్ళో కుర్రవాళ్ళకు ఇళ్ళే దొరకట్లేదు అన్నాడు. అది తోసేయదగ్గ మాట కాదు. ఇక్కడ ఇల్లు కొనడం ఎంత కష్టమో అద్దెకుండే మాకు తెలుసు. కానీ ఇళ్ళు కట్టడానికి బావికి నీరందించే నేలే కావాలా అన్నది నా ప్రశ్న. అడగడానికి నేనున్నది ఓటు లేని వరుస. అప్పుడు ముందు వరుసలో ఒకావిడ "ఆ పొలానికీ మన నీళ్ళకూ సంబంధం ఉందా?" అని అడిగింది. మా డైరెక్టర్ తెర మీద మ్యాపు వేయించింది. నీలం మీద లేత ఆకుపచ్చ. హాల్లో కాసేపు చప్పుడు లేదు. ఆ రంగులు నేను ఎంచుకున్నవి.

కొంత అప్పు చేయాలి కాబట్టి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. సభ నడిపే మోడరేటర్ అడగ్గానే గులాబీరంగు కార్డులు లేచాయి. వెనక కూర్చున్నాను కదా, అన్నీ కనబడ్డాయి. లెక్కపెట్టాల్సిన అవసరం లేకుండానే ఆయన నెగ్గిందని ప్రకటించాడు. పెద్దావిడ నడవ పక్క కుర్చీలో చేతికర్ర మీద గడ్డం ఆనించి అలాగే కూర్చుండిపోయింది.

జూన్‌లో నా కార్డు వచ్చింది. భూమి ఊరిపేర మారింది ఆగస్టులో. దానికి ముందు బేస్‌లైన్ రిపోర్టు తయారుచేయాలి. ఈ రోజు ఈ నేల ఇలా ఉంది అని ఫొటోలతో, మ్యాపులతో రాసి పెట్టే కాగితం. రేపు ఎవరైనా హద్దు దాటితే కోర్టులో పనికొచ్చేది అదే. రెండు రోజులు నడిచాను. రెండోరోజు పెద్దావిడ కూడా వచ్చింది, నెమ్మదిగా. వాయవ్య మూల హద్దు ఇనుపకడ్డీ నాకు దొరకలేదు. ఆవిడ కర్రతో పైన్ ఆకులు పక్కకు నెట్టి చూపించింది. "మా మామగారు చూపించారు నాకు" అంది. అక్కడ ఫొటో తీసి, జీపీఎస్ అంకెలు రాసుకున్నాను.

చివరగా గుంట దగ్గరికెళ్ళాం. నీటిచుక్క లేదు. అడుగున నల్లబడిన ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఫొటో తీసి కింద రాశాను: "వర్నల్ పూల్, ఆగస్టు, ఎండి ఉంది. మార్చిలో మళ్ళీ చూడాలి." తయారుచేసినవారు అన్నచోట నా పేరు రాయబోతుంటే, స్పెల్లింగ్ చెప్పమని అడిగి ఆవిడ తన చిన్న నోట్‌బుక్‌లో కూడా రాసుకుంది.