చెవి తగ్గినా మూత్రం చెప్పిన మాట

మా అమ్మకు రెండు చెవులూ కందగడ్డలా ఎర్రబడి, దిండుకు తల ఆనించలేనంత నొప్పి పుట్టినప్పుడు ముందు చూపించిన చోట చీము అనుకుని యాంటీబయాటిక్ మందులు ఇచ్చారు. వాపు తగ్గింది, నెల తిరగకుండానే మళ్లీ వచ్చింది. ఈసారి కాకినాడలో డాక్టరుగారు చెవిని కొస వరకూ తడిమి, పైభాగమంతా ఉబ్బినా దుద్దు పెట్టుకునే తమ్మె మాత్రం మామూలుగానే ఉండడాన్ని నాకు చూపించారు. తమ్మెలో మృదులాస్థి, అంటే చెవికి ఆకారమిచ్చే మెత్తటి ఎముకలాంటి భాగం, ఉండదు. ఈ జబ్బు మృదులాస్థి మీదికే వస్తుంది. దీన్ని 1923లో మొదటిసారి వర్ణించారు, రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్ అనే పేరు 1960లో స్థిరపడింది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే చెవులను, ముక్కు దూలాన్ని, ఒక్కోసారి ఊపిరి గొట్టాన్ని కూడా దెబ్బ తీస్తుంది. ఇదే జబ్బని తేల్చిచెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు.

స్టెరాయిడ్‌తో చెవులు చల్లబడ్డాయి, మేము ఊపిరి పీల్చుకున్నాము. అయితే మూత్రం నురగగా పోతోందని అమ్మ మొహమాటపడుతూ చెప్పిన మాటను నేను వెంటనే పట్టించుకోలేదు. ఆ పది రోజుల ఆలస్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది. పరీక్షలో ప్రొటీన్, ఎర్ర రక్తకణాలు కనబడ్డాయి, కిడ్నీ సరిగా వడకట్టనప్పుడు రక్తంలో పేరుకునే క్రియాటినిన్ పెరిగింది. ఈ జబ్బులో కిడ్నీ దెబ్బతినడం అరుదే కానీ, దెబ్బతింటే చికిత్స బలంగా ఉండాలి. బయాప్సీలో కిడ్నీ వడపోత గుచ్ఛాలు వాచి ఉన్నాయని తేలాక మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను నరంలోకి ఎక్కించి, ఆ తరువాత ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో పాటు రక్షణ వ్యవస్థ జోరును అణచే సైక్లోఫాస్ఫమైడ్ మొదలుపెట్టారు. తెల్లకణాలు పడిపోకుండా, ఇన్‌ఫెక్షన్ సోకకుండా కాచుకోవడం మా పని అయింది. కొన్ని నెలలకు దాని బదులు అజాథియోప్రిన్ అనే అలాంటి మరో మందుకు మార్చారు. ఒళ్లు కుదుటపడిందని స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయకూడదని, మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటే కిడ్నీకి మరింత చేటని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. చెవినొప్పికి అమ్మ అప్పటికే వాటిని చాలా మింగింది.

కోనసీమలో రోగిని చూడవచ్చే ప్రతివారూ కొబ్బరి బొండాలు తెస్తారు. అమ్మకు పొటాషియం పెరిగి ఉండడంతో ఆ నీళ్లు కూడా వద్దన్నారు. తెచ్చినవారి మనసు నొచ్చుకోకుండా వాటిని వీధి అరుగు మీద పెట్టి, పక్కింటి పిల్లలకు కొట్టి ఇచ్చేదాన్ని. ఆవకాయకు, ఎండు చేపకు కూడా అమ్మ దూరమైంది.

చెవులు ఎర్రబడకపోయినా ఇప్పుడు నెలనెలా మూత్రపరీక్ష చేయిస్తున్నాము. పోయిన వారం రిపోర్టులో ప్రొటీన్ జాడ మాత్రమే ఉంది. ప్రెడ్నిసోలోన్‌ను 10 మిల్లీగ్రాముల నుంచి 7.5కు దించారు.