అబెరిస్ట్‌విత్ నుంచి తిరిగొస్తూ బస్సులో విన్న జోలపాట

రైలు టికెట్‌కి డబ్బులు కట్టి బస్సులో కూర్చోవాల్సి రావడం ఇక్కడ బ్రిటన్‌లో వీకెండ్‌లో తిరిగేవాళ్ళందరికీ అలవాటే. పట్టాల మీద పని ఉందంటారు, రిప్లేస్‌మెంట్ బస్సు అంటారు, రేటు మాత్రం రైలుదే తీసుకుంటారు. ఫిబ్రవరిలో వేల్స్‌లో సముద్రం ఒడ్డునున్న అబెరిస్ట్‌విత్ ఊరు వెళ్ళినప్పుడు పోయేటప్పుడు బానే ఉంది, బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో ఎక్కితే మూడు గంటల్లో దింపేసింది. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణానికి స్టేషన్‌కి పోతే రైలు లేదు, ష్రూస్‌బరీ దాకా బస్సు, అక్కణ్ణించి రైలు అన్నారు. వాన, గాలి, రెండు పెట్టెలు, స్ట్రోలర్, మూడేళ్ళ పాప, మా ఆయన, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మ, అందరం ఆ క్యూలో ముప్పావుగంట నిలబడ్డాం.

అసలు నా కోపం బస్సు మీద కాదు. అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు, దానికి కారణం నేనే.

ఏం జరిగిందంటే, గది బుక్ చేసేటప్పుడు సముద్రం కనపడే గదికి రాత్రికి 20 పౌండ్లు ఎక్కువ అడిగారు, అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో అని కట్టేశాను. గది సరిగ్గా ప్రామ్ మీద, అంటే సముద్రం పక్కనే ఉండే రోడ్డు మీద ఉంది, కిటికీ తీస్తే ఎదురుగా సముద్రం. ఫిబ్రవరిలో అక్కడ అల లేచిందంటే గోడ దాటి రోడ్డు మీద పడుతుంది, గులకరాళ్ళు తెచ్చి ఫుట్‌పాత్ మీద పోసి వెళ్తుంది. పొద్దుటిపూట చూడ్డానికి ఎంత బావుందో, రాత్రి పడుకుంటే మంచం కింద ఎవరో రాళ్ళ బస్తా ఈడుస్తున్నట్టు ఒకటే చప్పుడు. శుక్రవారం రాత్రి రెండింటికి లేచి చూస్తే అమ్మ స్వెట్టర్ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది, తలుపు వైపు చూస్తోంది. జెట్ లాగ్ ఏమో అనుకున్నాను, వచ్చి ఐదు వారాలైంది, జెట్ లాగ్ ఏంటి నా మొహం. శనివారం రాత్రీ అంతే.

అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబర్ 19 ఉప్పెనలో అమ్మమ్మ పోయింది, అప్పటికి అమ్మకి పదేళ్ళు. ఈ సంగతి మాకందరికీ తెలుసు కానీ అమ్మ నోటి వెంట ఎప్పుడూ వినలేదు, మావయ్యలు అప్పుడప్పుడూ ఒక్క ముక్క అనేవాళ్ళు అంతే. మేం విజయవాడలో పెరిగాం, బందరు చుట్టాలింటికి పోయినప్పుడు పిల్లలందరం మంగినపూడి బీచికి పోతే అమ్మ మాత్రం రాదు, మీకు వంట చేసి పెడతాలే అంటూ ఉండిపోయేది. అమ్మకి ఇసుక పడదు అనుకునేదాన్ని. ముప్పై ఐదేళ్ళొచ్చాక, డబ్బులు ఎక్కువ కట్టి మరీ ఆవిణ్ణి ఆ చప్పుడు పక్కన పడుకోబెట్టాను. శనివారం రాత్రి గది మార్చమని అడిగితే ఖాళీ లేదన్నారు.

ఊరి గురించి పెద్దగా రాయను. సాయంత్రం చీకటి పడే ముందు పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది) కింద గూడు చేరడానికి వేల గోరువంకల్లాంటి పిట్టలు గుంపుగా తిరుగుతాయి, అది మాత్రం చూడాల్సిందే, పైగా పైసా ఖర్చు లేదు. ఒక్క ప్లేటు చేప, బంగాళదుంపలకి 13 పౌండ్లు పెట్టిన మర్నాడు అది ఇంకా బావుంది. అమ్మ రూపాయల్లో లెక్కేసి తినడం మానేసింది. రోడ్ల మీద తెల్ల పెయింట్‌తో పెద్ద అక్షరాల్లో ఏదో రాసి ఉంటే అదేంటే అని అడిగింది, అరవ్, అంటే ఇక్కడి వెల్ష్ భాషలో నెమ్మదిగా పొమ్మని అన్నాను, అరవమా అంది, ట్రిప్ మొత్తంలో ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

సరే బస్సు. ఆరింటికి కదిలింది. మఖన్‌లెత్ దాటాక పదిహేను నిమిషాలకి ఆగిపోయింది, ముందు చెట్టు పడిందంట. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. చుట్టూ కొండలు, ఒక్క దీపం లేదు, పైన వాన, పక్కన ఏదో ఏరు పొంగి పారుతున్న చప్పుడు. మళ్ళీ నీళ్ళ చప్పుడే. అమ్మ కిటికీ వైపు కూర్చుంది, చూస్తే చేతిసంచి రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని ఉంది, లేచి పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు. వెనకాల ఒకాయన ఫోన్లో ఎవరితోనో గట్టిగా అరుస్తున్నాడు, కనెక్షన్ రైలు పోతుంది, హోటల్ డబ్బులు ఎవడిస్తాడు అని. ఒక కుక్క మూలుగుతోంది. పాప మా ఆయన ఒళ్ళో నిద్రపోయింది కానీ, మా ముందు సీట్లో ఉన్న నాలుగేళ్ళ పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు, వాడితో వాళ్ళ నానమ్మో అమ్మమ్మో ఉంది, డెబ్భై దాటి ఉంటాయి. వాడు ఆవిణ్ణి నైన్ అని పిలుస్తున్నాడు. వేల్స్‌లో ఉత్తరాన అమ్మమ్మనైనా నానమ్మనైనా నైన్ అంటారు, దక్షిణాన మామ్‌గీ. మా అత్తగారి వైపు కడపలో జేజి, మా వైపు నానమ్మ, అలాగన్నమాట.

ఆవిడ వాణ్ణి ఊరుకోమనలేదు, బిస్కెట్ ఇవ్వలేదు, ఫోన్ చూపించలేదు. వాడి తల గుండెకి ఆనించుకుని పాడటం మొదలుపెట్టింది. గొంతు గొప్పగా ఏం లేదు, కొంచెం గరగరగా, పై స్థాయికి పోయినప్పుడు తెగుతోంది కూడా. హీనా బ్లెంటిన్ అని మొదలు. ఒకే వరస, అదే మళ్ళీ, మధ్యలో ఒక్కచోట పైకి లేస్తుంది, లేచి మళ్ళీ మొదటి వరసలోకే దిగిపోతుంది. తర్వాతి చరణం కూడా అచ్చం అంతే. ఎక్కడా తొందర లేదు. ఊయల ఇటు వెళ్ళి అటు వచ్చినట్టు, ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసిపోతుంది, అక్కడే ఆగుతుంది.

రెండో చరణానికి వెనక ఫోన్లో అరుస్తున్నాయన గొంతు తగ్గింది, కాసేపటికి మళ్ళీ చేస్తాలే అని పెట్టేశాడు. వెనక సీట్లలో ఇద్దరు స్టూడెంట్ అమ్మాయిలు ఉన్నారు, వాళ్ళకీ ఆ పాట వచ్చు, గొంతు కలిపారు, గట్టిగా కాదు, పిల్లాడికి పట్టబోయే నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా. డ్రైవర్ లోపల లైట్లు సగం ఆపేశాడు. మా ఆయన నా చెవిలో ఇది స్పీల్‌బర్గ్ సినిమా ఎంపైర్ ఆఫ్ ది సన్‌లో పాట అన్నాడు, ఊరుకో అన్నాను.

అప్పుడు నా భుజం మీద బరువు పడింది. చూస్తే అమ్మ. నోరు కొంచెం తెరుచుకుని, సంచి ఒళ్ళోంచి జారి కింద పడినా తెలీకుండా నిద్రపోయింది. పిల్లాడి కంటే ముందే. నేను కదల్లేదు, భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. పుట్టి ఇన్నేళ్ళలో అమ్మ నా మీద తల పెట్టి పడుకోవడం అదే మొదటిసారి, ఎప్పుడూ మేమే ఆవిడ మీద పడుకున్నాం. తమ్ముణ్ణీ నన్నూ జోకొట్టి, మావయ్యల పిల్లల్ని జోకొట్టి, ఇప్పుడు మా పాపకి రోజూ రాత్రి జోజో అని పాడి, పాప ఇంగ్లీషులో ఇంకోటి పాడమంటే చిన్నబుచ్చుకుని, మళ్ళీ జోజో అనే పాడి. పదేళ్ళప్పటి నించి ఈవిడకి ఎవరైనా పాడారా అన్న ఆలోచన అంతకు ముందు నాకెప్పుడూ రాలేదు.

గంటంపావుకి చెట్టు తీశారు. ఇంజన్ స్టార్టయినా అమ్మ లేవలేదు, న్యూటౌన్, వెల్ష్‌పూల్ అన్నీ దాటినా లేవలేదు. ష్రూస్‌బరీ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది, మా రైలు వెళ్ళిపోయింది, తర్వాతదాని కోసం చలిలో కూర్చున్నాం, ఆ రీఫండ్ కథ వేరే. దిగేటప్పుడు నైన్ పిల్లాణ్ణి భుజాన వేసుకుని మా పక్కగా పోతుంటే అమ్మ లేచి నిలబడి ఆవిడకి దణ్ణం పెట్టింది. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, ఖాళీగా ఉన్న చేత్తో అమ్మ చెంప తట్టి నోస్ దా అంది, గుడ్ నైట్ అని. నేను దియోల్ఖ్ అన్నాను, థాంక్యూ అని, రోడ్డు మీద అరవ్ కాక వెల్ష్‌లో నాకొచ్చింది ఆ ఒక్క మాటే.

ఇంటికొచ్చాక ఆ పాట పట్టుకోవడం కష్టమేం కాలేదు. పేరు సియో గాన్, అంటే జోలపాట అనే అర్థం, పేరే అది. 1800 ప్రాంతంలో మొదటిసారి అచ్చయిందంట, ఇప్పుడు పాడే మాటలు రాబర్ట్ బ్రయన్ అనే జానపద సాహిత్యకారుడు (1858–1920) ద్వారా నిలిచాయి. పాట అనే మాట అసలు కాన్, పేరులో గాన్ అయింది. బిడ్డ అంటే ప్లెంటిన్, పాటలో పిలిచేటప్పుడు బ్లెంటిన్ అయింది. క గ అవుతుంది, ప బ అవుతుంది, త ద అవుతుంది. ఇది చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను, తొమ్మిదో తరగతిలో పూచెను, కలువలు కలిపితే పూచెనుఁగలువలు అని బట్టీ పట్టిన సరళాదేశ సంధే కదా ఇది! కారణాలు వేరే అయ్యుండొచ్చు, రెండు భాషలకీ చుట్టరికం లేదు, అయినా నాకు ఆ భాష మీద ఒక్కసారిగా బోలెడు ప్రేమ పుట్టింది. ఇంకో జోలపాట కూడా దొరికింది, సి హే లూలీ అని, ఓడ వెళ్ళిపోతోంది అని పాడేది, లూలీ అంటే మన లాలి లాగే. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతం, 5 లక్షల 38 వేల మంది, విజయవాడ జనం కన్నా తక్కువ. ఆ లెక్క చూశాక బస్సులో ఆ ఇద్దరమ్మాయిలు గొంతు కలపడం ఇంకోలా వినపడింది నాకు.

అర్థం తెలీని పాటకి అమ్మ ఎలా నిద్రపోయింది అంటే, 2020లో హార్వర్డ్ వాళ్ళు నెలల పిల్లలకి ఎప్పుడూ వినని భాషల జోలపాటలు వినిపిస్తే, మామూలు పాటలకన్నా వాటికి గుండె వేగం ఎక్కువ తగ్గిందని రాశారు. అది పిల్లల మీద చేశారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి మీద ఎవరన్నా చేశారో లేదో, నేనైతే భుజం మీద చూశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మ చపాతీ పిండి కలుపుతుంటే పాట అర్థం చెప్పాను. మొదటి చరణం, నా గుండె మీద పడుకో, ఇక్కడ వెచ్చగా ఉంటుంది, అమ్మ చేతులు నిన్ను చుట్టుకుని ఉన్నాయి. ఆఁ అంది. రెండోది, నిద్రలో ఎందుకు నవ్వుతున్నావు, పైనుంచి దేవదూతలు నీకేసి నవ్వుతున్నారా. దేవుడు ఆడిస్తున్నాడంటాం మనం, అదే అంది, పిండి కలుపుతూనే ఉంది. మూడోది నేను కొంచెం తడబడుతూ చెప్పాను. భయపడకు, అది ఆకే, తలుపు మీద తడుతోంది అంతే. భయపడకు, అది ఒంటరి చిన్న అల, ఒడ్డున జోకొడుతోంది అంతే.

అల మాటకి ఏమంటుందో అని చూస్తున్నాను. అమ్మ చేతులు ఆగాయి.

"ఆకన్నావే, అది మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"ఆ రాత్రి మొదట తలుపు చప్పుడైందే. ఎవరో వచ్చారనుకుని అమ్మ వెళ్ళి తీసింది," అంది. కాసేపాగి, "ఆకే అయితే బావుణ్ణు."

నేను పిండి గిన్నె అందుకున్నాను. పాప వచ్చి అమ్మమ్మా అంటూ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది, అమ్మ పిండి చేతులు కడుక్కుని దాన్ని ఎత్తుకుని లోపలికెళ్ళింది. గదిలోంచి జోజో వినపడుతుందని చూస్తుంటే, మాటల్లేకుండా ఆ బస్సులో వరస వినపడింది.