జింక పడక పక్కనే చెట్టెక్కాలంటే

అక్టోబర్ మొదలైందంటే మిషిగన్‌లో విల్లు పట్టుకుని అడవికి వెళ్లే ప్రతివాడి నోటా ఒకటే మాట, పెద్ద మగ జింక పగటిపూట కనబడటం లేదు అని. కెమెరాలో పడుతుంది, కాకపోతే రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున మూడుకో. నిజానికి అది పగలు కూడా లేస్తుంది, తిరుగుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది, నోటికందిన పొద కొరుకుతుంది, కానీ అదంతా తన పడక చుట్టూ ఓ వంద గజాల్లోపే. వెలుతురు బాగా తగ్గాకే ఆ గుబురు దాటి బయటికొస్తుంది. మనం పొలం అంచున కూర్చుని ఎదురుచూస్తే అది వచ్చేసరికి సూర్యాస్తమయం అయ్యి అరగంట దాటిపోతుంది, చట్టప్రకారం ఆ రోజుకి వేట అయిపోయినట్టే. అందుకే దాని దగ్గరికే వెళ్లాలి. అంతవరకూ చాలామంది బాగానే చేస్తారు, గాలి చూసుకుంటారు, మైలు దూరం నడుస్తారు, చెమట పట్టకుండా జాగ్రత్తపడతారు. తీరా ఎక్కి కాపు కాయాల్సిన చెట్టు దగ్గరికొచ్చాక ఆ చివరి పదిహేను అడుగులు పైకి ఎక్కేటప్పుడు అంతా పాడు చేసుకుంటారు.

ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక్క మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడటం నేరం. నేను రాసేదంతా ఇక్కడి వైట్‌టెయిల్ జింక గురించి, లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, విల్లుతో చేసే వేట గురించి. మిషిగన్‌లో ఆ విల్లు సీజన్ అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 దాకా, తర్వాత తుపాకీ సీజన్ అయ్యాక మళ్లీ డిసెంబర్‌లో.

నాకు బాగా అర్థమైన విషయం ఏంటంటే, చప్పుడే లేకుండా చెట్టెక్కడం ఎవరివల్లా కాదు, దానికోసం టెన్షన్ పడి లాభం లేదు. అడవిలో పొద్దస్తమానం ఏదో ఒక చప్పుడు ఉంటూనే ఉంటుంది. ఉడుతలు ఆకుల్లో పరిగెడతాయి, ఎండు కొమ్మ విరిగి పడుతుంది, రెండు చెట్లు గాలికి ఒకదానికొకటి రాసుకుంటాయి. పడుకున్న జింక వీటన్నిటికీ చెవి తిప్పుతుంది గానీ లేవదు. దాన్ని లేపేవి రెండే: లోహం చప్పుడు, ఒకే తాళంలో వరసగా వచ్చే చప్పుడు. ఈ రెండూ మన దగ్గర నుంచి రాకుండా చూసుకుంటే మిగతాదాన్ని జింక చాలావరకు పట్టించుకోదు.

లోహం విషయం ఊరికే అనడం లేదు. జార్జియా యూనివర్సిటీ పరిశోధకులు వైట్‌టెయిల్ జింకల వినికిడిని కొలిచి 2007లో ప్రచురించారు. అవి సుమారు 250 హెర్ట్జ్ నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా వింటాయి, అందులో 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలు వాటికి బాగా వినబడతాయి. మనం వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్. అంటే మొత్తమ్మీద వాటి చెవులు మనవాటికంటే ఏదో అద్భుతంగా పనిచేస్తాయని కాదు, సన్నగా టింగ్‌మనే శబ్దాలకి మాత్రం బాగా సరిపోయినవి. చెట్టెక్కడానికి కాండానికి కట్టుకునే అల్యూమినియం మెట్ల ముక్కకి, అదే స్టిక్‌కి, కారబినర్ (తాళ్లు తగిలించే లోహపు కొక్కెం) తగిలితే వచ్చేది అలాంటి శబ్దమే. పైగా అడవిలో సహజంగా అలా మోగేది ఏదీ లేదు, కాబట్టి ఒక్కసారి వినబడినా చాలు.

తాళం సంగతి నడకలో అందరికీ తెలుసు. మనిషి నడిస్తే చరక్ చరక్‌మని ఒకే వేగంతో వినబడుతుంది, అందుకని నాలుగడుగులు వేసి ఆగుతాం. అదే మనిషి చెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి మర్చిపోయి, త్వరగా పైకెళ్లి కూర్చుందామన్న తొందరలో స్టిక్ కట్టు, ఎక్కు, స్టిక్ కట్టు, ఎక్కు అంటూ ఒకే ఊపులో వెళ్లిపోతాడు. నేనైతే ఒక్కో స్టిక్ కట్టాక నిలబడిపోతాను. గాలి ఒక విసురు వచ్చేదాకా తర్వాతది ముట్టుకోను. గాలి గంటకి పదిహేను మైళ్లు వీచే రోజున ఈ పని ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను, కొమ్మలన్నీ ఊగుతుంటాయి, మన చప్పుడంతా అందులో కలిసిపోతుంది. గాలి అస్సలు లేని చల్లటి సాయంత్రం పడక దగ్గరికి వెళ్లొద్దు, అంతే. ఆ రోజు ఇంకెక్కడైనా కూర్చోండి. రాత్రి వాన పడి ఆకులు తడిసిన రోజు దొరికితే మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టినా తప్పులేదు.

ఇంట్లో చేయాల్సిన పని గురించి. నా దగ్గరున్న లోహపు వస్తువుల్లో ఒకదానికొకటి తగిలే అవకాశం ఉన్న ప్రతిచోటా మెత్తటి ఫెల్ట్ టేపు అంటించి ఉంటుంది. స్టిక్స్‌కి అడ్డంగా ఉండే మెట్ల అంచులకి, ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు రాసుకునే చోట్లకి, పైన కాళ్లు పెట్టుకోవడానికి చెట్టుకి బిగించే ప్లాట్‌ఫామ్ కింది వైపుకి, చివరికి విల్లు తగిలించే కొక్కేనికి కూడా. స్టిక్స్‌కి కొన్నప్పుడు వచ్చిన బకిల్ పట్టీలు తీసేసి తాళ్లు వేసుకున్నాను, బకిల్ ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. వెల్‌క్రో ఉన్న జేబు ఒక్కటి కూడా ఉండకూడదు. జాకెట్ పైపొర నైలాన్‌ది అయితే కొమ్మ తగిలినప్పుడల్లా బర్రుమంటుంది, ఉన్నిదో ఫ్లీసో మేలు. టేపు అంటించడం అయ్యాక చీకట్లో, లైటు లేకుండా, చేతి గ్లవ్స్‌తో పెరట్లో చెట్టుకి కట్టి విప్పి చూసుకోవాలి. ఏ వస్తువు ఏ వైపు వేలాడుతుందో చేతికి తెలిసిపోవాలి, అడవిలో తడుముకున్నామంటే అదే చప్పుడు.

చెట్టు ఎంచుకోవడంలో మొదట చూసేది పడక ఎటుంది అని. కొండ ప్రాంతంలో అయితే మగ జింక ఎక్కువగా గాలికి చాటుగా ఉండే వాలులో, పైనుంచి మూడో వంతు దిగువన పడుకుంటుంది, వీపు వెనక నుంచి గాలి, ఎదురుగా పల్లం మొత్తం కనబడేలా. మా వైపు చిత్తడి నేలలు ఎక్కువ. జమ్ము మధ్యలో కాస్త మెరకగా ఉన్న దిబ్బ, దానిమీద నాలుగు చెట్లు ఉన్నాయంటే ఆ అంచున పడక ఉండే అవకాశం బాగా ఉంటుంది. విస్కాన్సిన్‌కి చెందిన డాన్ ఇన్ఫాల్ట్ ఇలాంటి చిత్తడి పడకల దగ్గర వేటాడటాన్ని చాలామందికి నేర్పినాయన. ఇలాంటి చోట నిటారు చెట్లు దొరకవు, వంకర మేపుల్ చెట్టో, నాలుగు కాండాలు కలిసి పెరిగినదో ఉంటుంది. అదే నాకు ఇష్టం. ఎత్తు పది పన్నెండు అడుగులు చాలు, వెనకాల ఇంకో కాండం ఉంటే మన ఆకారం అందులో కలిసిపోతుంది. ఇరవై అడుగులు ఎక్కాలనే పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. ఒక స్టిక్ తగ్గితే అది చేసే చప్పుడు కూడా తగ్గినట్టే కదా.

కాండానికి పడక లేని వైపు నుంచే ఎక్కాలి. బెరడు కూడా చూడాలి. షాగ్‌బార్క్ హికరీ బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది, ముట్టుకుంటే రాలుతుంది, ఎంత మంచి చోట ఉన్నా దాన్ని వదిలేస్తాను. యాష్ చెట్ల గురించి మరీ గట్టిగా చెప్పాలి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగుని అమెరికాలో మొదట గుర్తించింది 2002లో, మా మిషిగన్‌లోనే, డెట్రాయిట్ దగ్గర. అది వచ్చాక యాష్ చెట్లు లెక్కలేనన్ని చచ్చిపోయాయి, చాలా చోట్ల ఇంకా మోడులుగా నిలబడే ఉన్నాయి. చీకట్లో చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటాయి. ఎక్కకండి. చప్పుడు మాట దేవుడెరుగు, ప్రాణాలే పోతాయి.

ఇక ఎక్కడం. చెట్టు కిందికి వచ్చాక ముందు ఓ పది నిమిషాలు ఊరికే నిలబడతాను. ఆయాసం తగ్గుతుంది, చుట్టూ పక్షులు ఉడుతలు మళ్లీ మామూలుగా అవుతాయి. జాకెట్ వేసుకోవడం లాంటి పనులన్నీ నేలమీదే, పైన ఏదీ తొడగను విప్పను. నేలమీద ఉండగానే నడుముకి రెండు వైపులా తగిలించుకునే లైన్‌మ్యాన్ తాడుని చెట్టు చుట్టూ వేసుకుంటాను, మళ్లీ కిందికి దిగేదాకా ఏదో ఒక తాడు నన్ను చెట్టుకి కట్టి ఉంచుతుంది. దీనికి మినహాయింపు లేదు. నేను చెట్టుకి బిగించే కుర్చీలాంటి స్టాండ్ మానేసి సాడిల్‌కి మారిందీ కొంత ఇందుకే, అది నడుముకీ తొడలకీ వేసుకునే గట్టి బట్ట పట్టీ, దాన్ని టెథర్ తాడుతో చెట్టుకి కట్టి వెనక్కి వాలి కూర్చుంటాం, మోసుకెళ్లే లోహం బాగా తగ్గిపోతుంది.

మొదటి స్టిక్‌ని కాండానికి ఆనించి ఎడమచేత్తో నొక్కిపట్టాలి. తాడుని చెట్టు చుట్టూ విసరకూడదు, విసిరితే కొసనున్న ముడి బెరడుని కొడుతుంది. కుడిచేత్తో వెనక్కి తోసి, స్టిక్‌ని మోకాలితో అదిమిపట్టి, ఎడమచేత్తో అవతలి నుంచి అందుకోవాలి. తాడుని స్టిక్ మీదున్న బొడిపెకి చుట్టి బిగించాక, రెండు చేతులతో స్టిక్ పట్టుకుని కిందికి నెమ్మదిగా గుంజాలి. దాని పళ్లు బెరడులోకి దిగుతుంటే కర్రుమని చిన్న చప్పుడు వస్తుంది, ఉడుత గోళ్ల చప్పుడుకి అది చాలా దగ్గర, ఫర్వాలేదు. ఇలా చేత్తో దింపకుండా కాలేసి ఒక్కసారిగా బరువు మోపారనుకోండి, స్టిక్ అంగుళం జారి టక్‌మని ఆగుతుంది, ఆ చప్పుడు వంద గజాలు వెళ్తుంది. మిగతా స్టిక్స్ సాడిల్‌కి ఒక వైపే వేలాడాలి, చెట్టుకి దూరంగా ఉండే వైపు. బూటు మెట్టుమీద పెట్టేటప్పుడు అంచు ముందు ఆనించి, తర్వాత పాదం మొత్తం. బూటు కింద బురద ఉంటే ఎక్కేముందే చెట్టు మొదట్లో నెమ్మదిగా రాసేసుకోండి.

ప్లాట్‌ఫామ్ దగ్గర అందరికీ గండం. బిగించాక దానిమీద నిలబడగానే మళ్లీ ఆ టక్‌మనే చప్పుడే. లైన్‌మ్యాన్ తాడు మీద బరువు ఉంచుకుని, ఒక కాలు మాత్రం దానిమీద పెట్టి, కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవాలి, గాలి విసురు వచ్చినప్పుడు పూర్తి బరువు. టెథర్‌ని తల ఎత్తులోనో ఆపైనో కట్టి, వదులు లేకుండా చూసుకున్నాకే లైన్‌మ్యాన్ తాడు విప్పాలి. విల్లుని సన్న తాడుతో ఆఖర్న లాక్కుంటాను, స్టిక్స్ లేని వైపు నుంచి, బాణాలు కిందికి చూసేలా.

పొద్దున వేటకీ సాయంత్రం వేటకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. పొద్దున జింక ఇంకా పడకకి తిరిగి రాదు, బాగా చీకటి ఉండగానే ఎక్కేస్తే వినేవాళ్లు ఎవరూ ఉండరు, కాకపోతే అది మనకంటే ముందే వచ్చి ఉంటే పని అయిపోయినట్టే. సాయంత్రం అయితే అది అక్కడే పడుకుని మన ప్రతి కదలికనీ వింటూ ఉంటుంది. అందుకే సాయంత్రం వేటకి నేను మధ్యాహ్నం ఒంటిగంటకే బయల్దేరుతాను, ఎక్కడానికే ముప్పావుగంట పట్టినా నాకు బాధ లేదు. పొద్దు వాలాక చల్లబడ్డ గాలి పల్లంవైపు జారుతుందని కూడా గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం బాగున్న చెట్టు ఆరు గంటలకి మన వాసనని నేరుగా పడక మీదికి పంపొచ్చు. జింక ప్రతిసారీ తోక ఎగరేసి బుస్సుమంటూ పారిపోదు. చాలాసార్లు లేచి, తల దించుకుని, అవతలి వైపు నుంచి జారుకుంటుంది, మనం మాత్రం చీకటి పడేదాకా ఆశగా కూర్చుంటాం.

పబ్లిక్ ల్యాండ్‌లో బెరడులోకి దిగే స్క్రూ మెట్లు మిషిగన్‌లో నిషేధం. ప్లాట్‌ఫామ్ మీద పేరు, అడ్రస్, లేకపోతే డ్రైవర్ లైసెన్స్ నంబర్ లాంటిది రాసి ఉండాలి. వేరే రాష్ట్రంలో రూల్స్ వేరు, చూసుకుని వెళ్లండి.

దిగడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు అది ఎక్కడమంత ముఖ్యం. జింక ఆ రోజు బాణం అందేంత దగ్గరికి రాలేదంటే రేపో, వచ్చే వారం అదే గాలి వీచినప్పుడో మళ్లీ ఆ చెట్టే కావాలి. వేట సమయం అవగానే హెడ్‌ల్యాంప్ వేసేసి స్టిక్స్ కిందికి పడేసుకుంటూ దిగేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, జింకలు అరవై గజాల్లోనే మేస్తుంటాయి. బాగా చీకటి పడి, చుట్టూ కదలికలు దూరమయ్యేదాకా నేను టెథర్ మీదే ఉంటాను. తర్వాత విల్లుని తాడుతో దించి, లైన్‌మ్యాన్ తాడు వేసుకుని టెథర్ విప్పి, ప్లాట్‌ఫామ్‌తో మొదలుపెట్టి ఒక్కో స్టిక్ విప్పుకుంటూ, ప్రతిదాన్నీ ఎక్కేటప్పుడు ఏ వైపు ఉందో ఆ వైపే తగిలించుకుంటూ దిగుతాను. నేలమీదికి వచ్చాక కూడా అవన్నీ అక్కడే పేర్చి సర్దను. సాడిల్‌కి వేలాడుతున్నవాటిని చేత్తో పట్టుకుని, వచ్చిన దారినే ఓ రెండు వందల గజాలు వెళ్లాక సంచిలో పెట్టుకుంటాను.