పోస్టర్ దగ్గర ఎవరూ లేరు

పదకొండు దాటింది. చిన్నోడు ఇవాళ తొందరగానే పడుకున్నాడు, నాకే నిద్ర పట్టడం లేదు. కళ్ళు మూస్తే మనిషి లేని ఆ పోస్టరే కనిపిస్తోంది.

పిల్లలు తమ పరిశోధనని పోస్టర్లుగా చూపించే సింపోజియం, కంపెనీలవాళ్ళు ఉద్యోగాల కోసం వచ్చే కెరీర్ ఫెయిర్ రెండూ ఇవాళే పెట్టారు, అదీ ఒకే సమయానికి, రెండు నుంచి నాలుగు వరకు. మాది లైబ్రరీ కింది హాల్లో, వాళ్ళది జిమ్‌లో. ఏడాదంతా ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్న పిల్లలకు, దాన్ని పదిమందికీ చెప్పుకునే రోజు ఇదొక్కటే. మాలాంటి చిన్న కాలేజీలో పదిమంది అటు వెళ్తే ఇటు హాలు బోసిపోతుంది. తేదీ ఖాయం చేసేముందు రెండు ఆఫీసులవాళ్ళూ ఒక్క ఫోన్ చేసుకుంటే సరిపోయేది. ఉండేది ఒకే బిల్డింగులో, ఎక్కి దిగేది ఒకే మెట్లు! ఫిబ్రవరిలోనే అడిగాను. "చూస్తాం" అన్నారు. ఏం చూశారో.

నా దగ్గర పరిశోధన చేస్తూ, పాత పేపర్లలో అద్దె ఇళ్ళ ప్రకటనలు పోగేస్తున్న అమ్మాయి గురించి ఇదివరకు రాశాను కదా. రెండున్నరకి బ్లేజర్ వేసుకుని, ఫైల్లో రెజ్యూమేలు పెట్టుకుని వచ్చింది. "మేడమ్, ఒక్క అరగంటలో వచ్చేస్తాను" అంది. సరేనన్నాను గానీ నా మొహం మాడిపోయింది. అది తను చూసింది కూడా. తను అటు వెళ్ళిన కాసేపటికే, నేను పనిగట్టుకుని పిలిచిన, పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్ ఆవిడ వచ్చారు. 48 అంగుళాల పోస్టర్ ముందు నిలబడి మొత్తం చదివి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయారు.

నా డిగ్రీ ఆఖరి ఏడాది గుర్తొచ్చింది. పోస్టర్ గోడకి పెట్టాక చూస్తే, గ్రాఫ్ కింద 'సంవత్సరం' అని ఉండాల్సిన చోట 'నెల' అని ఉంది. ఇంకో పది నిమిషాల్లో జనం వస్తారు. ఏడుపొక్కటే తక్కువ. నాకు గైడ్‌గా ఉన్న సార్ ఒక్క మాట అనలేదు. నోట్‌బుక్ అంచు నుంచి సన్నటి కాగితం చించి, పెన్నుతో గుండ్రంగా 'సంవత్సరం' అని రాశారు. పెదాల మధ్య పట్టుకున్న రెండు గుండుసూదులతో దాన్ని తప్పు మీద గుచ్చారు. కొంచెం వంకరగా కూర్చుంది. ఇక ఆ రెండు గంటలూ నా పక్కనే నిలబడ్డారు. ఎవరైనా ఆ కాగితం ముక్క వైపు చూస్తే, "ఆ తప్పు ఎలా పట్టుకుందో ఆ అమ్మాయినే అడగండి" అనేవారు. పది పదిహేనుసార్లు చెప్పి ఉంటాను. తర్వాత మొదటి ఇంటర్వ్యూలో "మీరు చేసిన ఒక పొరపాటు చెప్పండి" అని అడిగితే తడుముకోకుండా ఆ కాగితం సంగతే చెప్పాను. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అంటూ ఇప్పుడు కెరీర్ ఆఫీసువాళ్ళు స్టార్ పద్ధతి అని నేర్పేది ఇదే.

అంటే సార్ ఆ రోజు నన్ను ఇంటర్వ్యూకి కూడా తయారు చేశారన్నమాట. ఇది రాస్తుంటేనే తడుతోంది.

మరి నేనేం చేశాను? ఆ పిల్ల ఇక్కడ అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువుతోంది. చరిత్ర మేజర్ కాబట్టి డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే. తన రూమ్మేట్ చదివే ఎకనామిక్స్‌కి స్టెమ్ కోడ్ ఉంది, అంటే అది సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉంది కాబట్టి ఆమెకి ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. అలాంటప్పుడు జిమ్‌లో ఆ అరగంట తనకి ఎంత అవసరమో నాకు తెలియనిదా?

మూడుంపావుకి పరుగున వచ్చింది. అక్కడెవరో "అన్ని వేల ప్రకటనల్ని ఎలా విడదీశావు?" అని అడిగారట, ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పిందట. మొహం వెలిగిపోతోంది. నేను "మంచిది" అని ఊరుకున్నాను. నేను అనాల్సింది అంతేనా!

అయినా ఆ రెండు ఆఫీసులది తప్పే, అందులో నా మాట మారదు. వచ్చే ఏడాది తేదీల గురించి రేపు పొద్దున్నే మెయిల్ పెడతాను.

పోస్టర్ చుట్టి నా గదిలోనే ఉంచాను, రేపు వచ్చి తీసుకెళ్తానంది. ఆర్కైవ్స్ ఆవిడ ఫోన్ నంబర్ ఒక చీటీ మీద రాసి దానికి గుచ్చి వచ్చాను.